నోహ్ పక్కన పియానో, పద్యం వెనక హార్మనీ



నేనుండేది సికింద్రాబాద్‌లో సీతాఫల్‌మండి. పేరులో సీతాఫలాలున్నాయి గానీ పేటంతా రైలు కూతే. మా స్టేషన్లో ఎంఎంటీఎస్ ఎక్కి కాచిగూడ వైపు వెళ్తే తర్వాత ఆగేది ఆర్ట్స్ కాలేజీ. ఆ చుట్టుపక్కలే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, అందులో జపనీస్ కూడా నేర్పుతారు. రెండో వైపు పోతే కంటోన్మెంటు. 1806లో సికిందర్ జా పేరున వెలసిన ఊరు కదా, తెల్లవాళ్ల పటాలాలతోపాటు చర్చీలూ క్లబ్బులూ వచ్చాయి, వాటిలోకి పియానోలు దిగాయి. అటు జపాన్ భాష, ఇటు ఐరోపా వాద్యం, నడుమ మా పేట. అందుకేనేమో, జపాన్ ప్రాచీన నాటకాన్నీ ఐరోపా పియానోనీ ఒకే వేదిక మీదికి తెస్తున్నారని చదివినప్పుడు నాకు పెద్ద వింతగా తోచలేదు. అలాంటి పొత్తు మన నాటకంలో నూరేళ్ల పైమాటే కుదిరింది. పియానో మెట్లే ఉన్న ఓ పారిస్ పెట్టె మన పద్యం వెనకాల కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ రెండు పొత్తుల సంగతీ ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు జపాన్ వైపు. నోహ్ ఆరువందల ఏళ్లు దాటిన నాటకం. కాన్‌అమి, ఆయన కొడుకు జేఅమి దాన్ని తీర్చిదిద్దారు. జేఅమి 1363లో పుట్టి 1443లో పోయాడంటారు, అంటే ఇంచుమించు మన శ్రీనాథుడి కాలం వాడు. వేదిక దాదాపు ఇరవై అడుగుల చదరం, నున్నగా పాలిష్ పట్టిన చెక్క నేల. వెనక గోడ మీద ఒక పైన్ చెట్టు బొమ్మ, అంతకుమించి సెట్టింగులేవీ ఉండవు. ఎడమ చేతి వైపు నుంచి వంతెన లాంటి దారి, పాత్రలు దాని మీదుగా నిదానంగా వస్తాయి. ముఖ్యపాత్రకి కొయ్యతో చెక్కిన ముసుగు. కథ కూడా చిన్నదే. ఓ బాటసారి సన్యాసి ఏదో ఊరికి వస్తాడు, ఆ చోట ఎప్పుడో చచ్చిపోయిన వారి ఆత్మ అతనికి కనబడి తన గోడు వెళ్లబోసుకుంటుంది. చాలా నోహ్ నాటకాలు ఇంతే. సురభి వారి మాయాబజార్ చూసి పెరిగిన మనకు ఓపిక పట్టడం కష్టం.

వాద్యాలు నాలుగే. ఒక వేణువు, మూడు రకాల డోళ్లు. ఒకటి భుజం మీద పెట్టుకుని వాయిస్తారు, ఒకటి తొడ మీద పెట్టుకుని, మూడోది నేల మీద నిలబెట్టి పుల్లలతో. తొడ మీది డోలు చర్మాన్ని ప్రదర్శనకి ముందు బొగ్గుల సెగ మీద బాగా ఆరబెడతారు. భుజం మీది దానికి సరిగ్గా దీనికి వ్యతిరేకం, తేమ లేకపోతే పలకదు. వాయించేవాడు మధ్యమధ్యలో దాని మీద నోటి ఆవిరి ఊదుతుంటాడు, తడి కాగితం ముక్క అంటించి సరిచేసుకుంటుంటాడు. ఒకదానికి సెగ కావాలి, ఒకదానికి చెమ్మ కావాలి, వాయించేవాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుంటారు.

వేణువు సంగతి ఇంకా చిత్రం. దాని లోపల, ఊదే రంధ్రానికి దగ్గర్లో, ఒక సన్న గొట్టం ఇరికిస్తారు. దాంతో కింది స్థాయి స్వరానికీ పై స్థాయి స్వరానికీ లెక్క కుదరదు. మన వేణువు విద్వాంసుడి చేతికిస్తే, ఇది పాడైపోయిందండీ అని తిరిగి ఇచ్చేస్తాడు. వాళ్లు పనిగట్టుకుని అలా చేస్తారు. ఒక్కో వేణువుది ఒక్కో శ్రుతి, పక్కన పాడేవాళ్ల శ్రుతితో దానికి నిమిత్తం లేదు.

ఇప్పుడు దీని పక్కన పియానో పెట్టండి. ఎనభైఎనిమిది మెట్లు, స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా కొలిచి కోసిన వాద్యం. ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ జరగదు. దానికీ ఆ వేణువుకీ శ్రుతి కలపడమన్న మాటే లేదు. అయినా నోహ్ నటులు పియానో పక్కన ఆడుతున్నారు, జపాన్‌లోనూ ఐరోపాలోనూ. 2011లో ఒక అడుగు ముందుకే వేశారు. అప్పట్లో జపాన్‌లో పోలండ్ రాయబారిగా ఉన్న యాద్విగా రోదోవిచ్ నోహ్‌ని చదువుకున్న మనిషి. పియానో అంటే ప్రాణమిచ్చిన తమ సంగీతకర్త షోపాన్ మీద ఆవిడే ఒక కొత్త నోహ్ నాటకం రాశారు. దాని పేరుకి పియానో శ్రుతి చేసేవాడు అని అర్థం. కాంజే టెట్సునోజో బృందం దాన్ని ఆడింది. 1849లో పోయిన షోపాన్ అందులో ఆత్మగా తిరిగి వస్తాడు. నాకు ఈ ఆలోచన నచ్చింది. పియానోని తీసుకొచ్చి నోహ్‌కి తగిలించలేదు, పియానో మనిషినే నోహ్ కథలోకి దింపారు. చచ్చిపోయినవాళ్లు వచ్చి మాట్లాడడం నోహ్‌కి నిత్యకృత్యం, షోపాన్ అయితేనేం, వంశాలు కూలిన వీరుడైతేనేం.

శ్రుతి కుదరని ఈ రెండూ ఒకచోట ఎలా ఇముడుతున్నాయి? నాకు తోచిన కారణం ఒకటుంది. పియానో స్వరం పుట్టిన క్షణం నుంచే ఆరిపోవడం మొదలవుతుంది. లోపల సుత్తి తీగని తాకి వెనక్కి పోతుంది, ఆ తర్వాత మెట్టుని ఎంతసేపు నొక్కి పట్టినా నాదం తగ్గుతూనే ఉంటుంది. నోహ్‌లో కూడా ఒక దెబ్బ, ఒక కేక, ఆపైన పెద్ద ఖాళీ. ఆ ఖాళీ మీదే నటుడు అడుగు వేస్తాడు. పియానో ఒక స్వరం వేసి ఊరుకుంటే ఆ ఖాళీకి భంగం రాదు. అదే పియానో పాట మొత్తం ఎత్తుకుందనుకోండి, అంతటి నటుడూ ఆ పాటకి ఆడుతున్నవాడిలా కనిపిస్తాడు, నోహ్ కాస్తా సినిమాలో నేపథ్య సంగీతం కింద నడిచే సీను అయిపోతుంది. ఇలాంటి ప్రయోగాల్లో సగం అక్కడే దెబ్బతింటాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. నోహ్‌లో ముఖ్యనటుడిది ఒక సంప్రదాయం, సన్యాసి వేషం వేసేవాడిది వేరే, వేణువుది వేరే, ఒక్కో డోలుది వేరే. ఎవరి గురువు దగ్గర వాళ్లు చిన్నప్పటి నుంచి నేర్చుకుని వస్తారు. ప్రదర్శనకి ముందు అందరూ కలిసి చూసుకునేది ఒక్కసారే. ప్రదర్శన కూడా మామూలుగా ఒక్కసారే. అంతా అందరికీ కంఠతా వచ్చు గనక అలా నడుస్తుంది. పియానో విద్వాంసుడు ఈ లోకంలోకి వస్తే అతనికి కంఠతా వచ్చింది వేరే, వీళ్లకి వచ్చింది వేరే.

ఈ ఒక్కసారి రిహార్సల్ మాట వింటే మన కాంట్రాక్టు నాటకాలు గుర్తురాక మానవు. తిరునాళ్లలో తెల్లవార్లూ నడిచే కురుక్షేత్రం. కృష్ణుడు ఒక ఊరి నుంచి, దుర్యోధనుడు ఇంకో ఊరి నుంచి, కర్ణుడు మరో జిల్లా నుంచి. ఒక్కో సీనుకి ఒక్కో కృష్ణుడు, మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అని కరపత్రంలోనే వేస్తారు. రిహార్సల్ అసలుండదు, మేకప్ గదిలో ఒకరికొకరు నమస్కారం పెట్టుకోవడమే. మరి ఇంతమందిని ఒక తాటి మీద నడిపేదెవరు? స్టేజీకి ఓ పక్కన కూర్చున్న హార్మనిస్టు. ఏ నటుడిది ఏ శ్రుతి, ఎవరు ఏ పద్యం ఏ రాగంలో ఎత్తుకుంటారు, ఎవరికి ఎక్కడ ఊపిరి చాలదు, అన్నీ ఆయనకి తెలుసు.

ఆయన వాయించే హార్మనీ పుట్టిల్లు పారిస్. 1842లో అలెగ్జాండర్ దెబేన్ అనే ఆయన హార్మోనియం పేరుతో పేటెంటు తీసుకున్నాడు. పెద్ద ఆర్గన్ కొనలేని చర్చీలకీ ఇళ్లకీ పనికొచ్చే వాద్యం, కాళ్లతో తిత్తి తొక్కుతూ రెండు చేతులతో వాయించేది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో దాన్ని మన కూర్చునే తీరుకి మార్చాడు, కాలి తిత్తి తీసేసి వెనక చేతి తిత్తి పెట్టాడు. ఇక 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధ ఆడడంతో సురభి నాటక సమాజం మొదలైంది. ధార్వాడ కంపెనీలు, పార్శీ కంపెనీలు ఊరూరా తిరిగి జనానికి పాటల నాటకం రుచి చూపించిన రోజులవి. నాటకమూ, పెట్టె రెండూ ఇంచుమించు ఒకే ఈడువి, కలిసి పెరిగాయి. మన స్టేజీ వాళ్లు కాలితో తొక్కే హార్మనీని కూడా వదల్లేదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, నాదం గట్టిగా వస్తుంది. మైకుల్లేని రోజుల్లో చివరి వరసలో చాప పరుచుకున్నవాడికీ అది వినబడాలి మరి.

ఐరోపా మెట్లు మన గొంతుల్లోకి ఎంత దిగిపోయాయో చెప్పడానికి ఒక్క చిన్న సంగతి చాలు. మన వాళ్లు శ్రుతిని అంకెల్లో చెబుతారు. నాది ఒకటిన్నర అంటాడు ఒకాయన, నాది ఐదు అంటాడు ఇంకొకాయన. ఒకటి అంటే హార్మనీ మీద తెల్లమెట్ల వరసలో మొదటిది. ఒకటిన్నర దాని పక్కనున్న నల్లమెట్టు. రెండు, రెండున్నర, మూడు. మూడున్నర మాత్రం ఉండదు. మూడో తెల్లమెట్టుకీ నాలుగో దానికీ మధ్య నల్లమెట్టు లేదు గనక. మళ్లీ నాలుగు, నాలుగున్నర, అలా ఏడు దాకా. కర్ణాటక కచేరీలో తంబురా పట్టుకున్నవాళ్లూ ఈ అంకెలే వాడతారు. నాకు మూడున్నర శ్రుతి పెట్టు అన్నవాడు నాటకానికి కొత్తని అక్కడే తెలిసిపోతుంది.

పద్యం దగ్గర హార్మనిస్టు ఏం చేస్తాడో కాస్త దగ్గరగా చూద్దాం. రాయబారం సీను. కృష్ణుడు వచనం చెబుతున్నాడు. పెట్టె మీద ఆధార షడ్జం సన్నగా మోగుతూ ఉంది. నటుడు వచనం చివర గొంతు పైకి తీశాడంటే పద్యం వస్తోందన్నమాట. హార్మనిస్టు వెంటనే రెండు మూడు స్వరాలు తాకి వదిలేస్తాడు, మోహనో, కేదారగౌళో, జనానికీ నటుడికీ తెలిసిపోతుంది. పద్యం మొదలైంది. తబలా ఆగింది. పద్యానికి గణాలున్నాయి, యతి ఉంది, ప్రాస ఉంది, తాళం మాత్రం లేదు. ఈ పూట కృష్ణుడు యతి దగ్గర ఆగి ఎదుటివాణ్ణి ఓ చూపు చూడొచ్చు, ఆగకుండా పాదం మీద పాదం లాగేయొచ్చు. హార్మనిస్టు కళ్లు మెట్ల మీద ఉండవు, నటుడి పెదవుల మీద ఉంటాయి. మాట పలికిన అరక్షణం తర్వాత వేలు పడుతుంది. నటుడు ఊపిరి పీల్చుకునే చోట ఓ చిన్న సంగతి వేసి జాగా నింపుతాడు, మాట రాగానే తప్పుకుంటాడు. గమకం ఆ పెట్టెకి చేతకాదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉన్నదంతా గొంతే పాడుకోవాలి. ఆఖరి పాదం అయ్యాక రాగం. అక్కడ ఇద్దరికీ స్వేచ్ఛ. వన్స్‌మోర్ అని కేక పడితే మొత్తం మళ్లీ మొదటికి.

ఈ స్వేచ్ఛే పద్యనాటకాన్ని కొంత చెడగొట్టింది కూడా. పద్యం ఒక నిమిషం, రాగం ఐదు నిమిషాలు. కాటి సీనులో అక్కడ చంద్రమతి కొడుకు శవం ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే, ఇక్కడ హరిశ్చంద్రుడికీ హార్మనీకీ పోటీ. జనం చప్పట్లు కొడుతున్నారు కదా అని ఇద్దరూ ఆపరు. ఆ పోటీలో దుఃఖం ఎగిరిపోతుంది. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణీ, డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్రుణ్ణీ ఇప్పటికీ తలుచుకుంటున్నారంటే రాగం పొడుగు చూసి కాదు.

కాటి సీను అన్నాను కాబట్టి ఇంకో మాట. నోహ్‌లో సుమిదా నది అని ఒక నాటకం ఉంది, జేఅమి కొడుకు మోతోమసా రాసింది. తప్పిపోయిన కొడుకుని వెతుక్కుంటూ పిచ్చిదానిలా తిరిగే తల్లి నది దగ్గరికి వస్తుంది, ఆవలి ఒడ్డున పిల్లవాడి సమాధి కనిపిస్తుంది. ఇంగ్లండ్ సంగీతకర్త బెంజమిన్ బ్రిటన్ 1956లో టోక్యోలో ఈ నాటకం చూసి చలించిపోయాడు. 1964లో కర్ల్యూ రివర్ అనే సంగీత నాటకంగా దాన్ని తన పద్ధతిలో చేశాడు. కథ ఇంగ్లండ్ నదికి మార్చాడు, వేదిక చర్చి, వాద్యాల్లో ఓ చిన్న ఆర్గన్ ఉంది. కానీ కర్ర పట్టుకుని అందరినీ నడిపే కండక్టర్ని తీసేశాడు. గాయకులూ వాద్యాలవాళ్లూ ఒకరినొకరు వింటూ నడవాలి. స్వరలిపిలో ఇందుకోసం ఒక కొత్త గుర్తు కూడా పెట్టాడు. అది కనబడిన చోట పక్కవాడు వచ్చి కలిసేదాకా ఆగి ఉండాలి. ఐరోపా సంగీతంలో దీనికో గుర్తు కనిపెట్టాల్సివచ్చింది. మన హార్మనిస్టు ప్రతి పద్యానికీ చేసే పని అదే.

ఈ హార్మనీకి రేడియోలో ఒకప్పుడు తలుపులు మూసేశారు. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణిలో హార్మోనియం నిషిద్ధం. ముందుగా గొంతెత్తినవాళ్లలో జాన్ ఫౌల్డ్స్ ఒకడు. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసుకున్న ఇంగ్లిష్ సంగీతకర్త. ఈ పెట్టెలో మీ సూక్ష్మ శ్రుతులు పలకవు, గమకం పలకదు, దీన్ని మోస్తే మీ సంగీతం పాడవుతుందన్నది ఆయన వాదం. పడమటి వాద్యాన్ని పడమటివాడే వద్దన్నాడు. రవీంద్రనాథ్ టాగోరుకీ హార్మోనియం గిట్టేది కాదు. మద్రాసు కేంద్రం 1938లో మొదలైంది, విజయవాడ కేంద్రం 1948లో. ఊరి తిరునాళ్లలో హార్మనీ లేనిదే తెర లేవదు, ఈ కేంద్రాల స్టూడియోల్లో హార్మనీకి అడుగుపెట్టే వీల్లేదు. ముప్ఫై ఏళ్లు ఇలాగే నడిచింది. హైదరాబాద్‌లో టాగోరు పేరునే 1961లో కట్టిన రవీంద్రభారతిలో మాత్రం ఎన్ని వందల రాత్రులు హార్మనీ మోగిందో లెక్కలేదు. ఆయన వింటే ఏమనేవారో!

ఫౌల్డ్స్ చెప్పింది అబద్ధం కాదు. ఘనరాగం ఆలాపన పక్కన హార్మనీ నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. కానీ నాటకం కచేరీ కాదు. ఆరుబయట, గాలివాటున, వెయ్యిమంది మధ్య, గొంతు చించుకునే నటుడికి కాళ్ల కింద నేల కావాలి. తీగ వాద్యాలు మంచుకి సడలిపోతాయి. పెట్టె తెల్లవారేదాకా అలాగే ఉంటుంది.

పియానో కంటోన్మెంటు దాటి మన నాటకంలోకి ఎందుకు రాలేదన్నదానికీ జవాబు ఇక్కడే ఉంది. కచేరీ పియానో అయిదువందల కిలోలకి అటూ ఇటూగా తూగుతుంది, ఎడ్లబండి మీద సంతకి తీసుకుపోయేది కాదు, నిజమే. అసలు అడ్డంకి అది కాదనుకుంటాను. పద్యానికి ఆగకుండా మోగే ఆధారం కావాలి. పియానో స్వరం ఆరిపోతుంది. హార్మనీలో గాలి ఉన్నంతసేపూ నాదం నిలుస్తుంది. నోహ్‌కి ఆరిపోయే నాదం కలిసొచ్చింది, మనకి నిలిచే నాదం కలిసొచ్చింది. వాద్యం ఏ దేశానిదన్నది రెండు చోట్లా ఎవరూ అడగలేదు.

మా పేటకి పద్యం రైలెక్కి వచ్చింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ కేంద్రమైంది, విజయవాడ డివిజన్ దీని కిందికి వచ్చింది. ఆ వైపు నుంచి ఉద్యోగాల మీద వచ్చి సీతాఫల్‌మండిలో, చిలకలగూడలో, మెట్టుగూడలో కాపురాలు పెట్టినవాళ్లు సామానుతోపాటు రాయబారం పద్యాలూ తెచ్చుకున్నారు. ఇప్పుడు శనివారం భజనలో హార్మనీ మోగుతుంది, ఆదివారం చర్చిలో కీబోర్డు మోగుతుంది. రెండింటి మీదా ఉన్నవి అవే మెట్లు.

కీబోర్డు నాటకాల్లోకీ వచ్చేసింది. దాని మీద నాకు పగ లేదు. ఉరుము కావాలంటే ఉరుము, శంఖం కావాలంటే శంఖం, నలభై వయొలిన్లు కావాలంటే నలభై, ఒక్క మనిషి చాలు. తకరారు ఎక్కడొస్తుందంటే, పద్యం కింద కూడా రిదమ్ ప్యాడ్ నడిపిస్తున్నారు. యంత్రం వేసే తాళం ఆగదు. యతి దగ్గర నిలబడి దుర్యోధనుణ్ణి కళ్లతోనే కాల్చాల్సిన కృష్ణుడు, లెక్క తప్పుతుందేమోనని పరుగెడుతున్నాడు. ఇన్నాళ్లూ వాద్యం నటుడి వెనక నడిచింది, ఇప్పుడు నటుణ్ణి తన వెనక పరిగెత్తిస్తోంది. నోహ్ పక్కన పియానో పాట ఎత్తుకుంటే వచ్చే నష్టమే ఇదీ.

రేపు మన ఊళ్లో ఎవరైనా కుర్రవాళ్లు పద్యాన్నీ పియానోనీ కలిపి ప్రయోగం చేస్తామంటే నేను టికెట్టు కొనుక్కుని వెళ్తాను. ఆధార శ్రుతి వేరే తంబురాకి అప్పగించి, పియానోని యతి దగ్గరి ఖాళీల్లో మాత్రమే పలికిస్తే ఏదో కొత్తది దొరకొచ్చు. పద్యం సాగినంతసేపూ పియానో సాగితే మాత్రం మధ్యలోనే లేచి వచ్చేస్తాను.

నాటకాలు వేయించే సమాజాల వాళ్లకీ, పరిషత్తుల వాళ్లకీ ఒక మనవి. పద్యం నడిచేంతసేపు రిదమ్ ప్యాడ్ ఆపించండి. హార్మనిస్టుని స్పీకరు బాక్సుల వెనక్కి తోసేయకండి, నటుడి ముఖం తిన్నగా కనబడే చోట ఆయన కుర్చీ వేయించండి.